దూరం ఉద్యోగం

ఇది నేను ముందే రాయకపోవడానికి కారణాలున్నాయి. నాకు అప్పట్లో చదువు రాదు. చిన్నప్పుడు పిట్టలు తోలమని జొన్నచేనికి పంపారు, పెద్దయ్యాక ఇళ్ళు తుడవమని కువైట్ పంపారు. రెండు చోట్లా పలకతో పని పడలేదు. ఫహాహీల్‌లో ఒక నర్సమ్మ శుక్రవారాలు మాలాంటివాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తుందని ఎప్పటినుంచో తెలుసు. కానీ నా శుక్రవారాలు అప్పుడు ఖాళీగా లేవు. ఒక మనిషి వెనక కూర్చోవాలి. ఆ మనిషికి నాతో పని తీరిపోయాకే నేను అ ఆలు నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని చెబితే ఆయన సంతోషించి ఒక మాట తీసుకున్నారు.

"ఏమన్నా రాసుకోండక్కా. నా గురించి మాత్రం నేను పోయాక రాయండి. ఇంటి దగ్గర వేరేలా అనుకుంటున్నారండి."

మొన్న గురువారం ఆయన పోయారు. వాళ్ళ ఊళ్ళోనే, గుండె ఆగి. ఇంతవరకు చావుకబుర్లన్నీ ఎవరో చెప్తే విన్నాను. నా అంతట నేను చదువుకున్న మొదటి చావుకబురు ఇదే. మా తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, కింద ఇలా రాశారు: "కువైట్ తెలుగువారి గొప్ప బ్యాట్స్‌మన్ ఇక లేరు." కూడబలుక్కుంటూ చదివాను. బ్యాట్స్‌మన్ అన్న మాట దగ్గర నేనే తప్పు చదివానేమోనని మళ్ళీ మొదలుపెట్టాను. తప్పు నాది కాదు.

ఆయన బ్యాటు పట్టి బాగుపడిన మనిషి కాదు. అందరికంటే చివర వెళ్ళి, అందరికంటే ముందు తిరిగి వచ్చేవారు. "ఏమైందన్నా?" అంటే, "ఆయ్, ఒకసారి పలకరించి వచ్చానండి" అనేవారు. బంతి కూడా వేసేవారు కాదు. ఆయన చేసిందల్లా దూరంగా నిలబడటం. అలా నిలబడినందుకే ఒక కంపెనీ ఆయనకు జీతమిచ్చి, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు కొట్టించి, ఏళ్ళ తరబడి పోషించింది.

పేరు రాయను. ఇంటి దగ్గర ఆ ఫోటోకి ఈపాటికి దండ వేసి ఉంటారు.

ఆ మైదానం ఫహాహీల్ దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది. గడ్డి లేదు, అంతా ఇసుక. నడిమధ్య సిమెంటు మీద చాప పరిచి ఆడతారు. చుట్టూ పాత టైర్లు సగం పాతి సున్నం కొట్టారు, అదే హద్దు. మాది ముబారక్ అల్ కబీర్‌లో ఇల్లు. అంటే మా మామా ఇల్లు. ఇక్కడ యజమానురాలిని మామా అంటాం, నేను పనిచేసేది ఆమె ఇంట్లో. శుక్రవారం సెలవిస్తే మా ఊరి రమణమ్మతో కలిసి బస్సెక్కి అక్కడికి పోయేదాన్ని. ఆట కోసం కాదు. తెలుగువాళ్ళు కనిపిస్తారు, నాలుగు మాటలు పడతాయి, చిత్రాన్నం పంచుకుని తింటాం.

మొదటిసారి ఆయన్ని చూసి ఏదో తప్పు చేశాడు కాబోలు, దూరంగా నిలబెట్టారనుకున్నాను. మిగతావాళ్ళు దగ్గర దగ్గరగా ఉండి అరుచుకుంటున్నారు. ఈయన మాత్రం ఒక్కడే టైర్ల పక్కన, వెడల్పు టోపీ పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులానించి ఉన్నాడు. పాపం అనిపించి, "అన్నా, ఎండలో ఎంతసేపు నిలబెడతారు నిన్ను? కొంచెం నీళ్ళు తాగు" అన్నాను.

"మనది దూరం ఉద్యోగం అండి" అన్నారు తిరగకుండానే. "అందరూ బంతి దగ్గరికి పోతారండి. నా దగ్గరికి బంతే వస్తాదండి."

ఆయనది కోనసీమ. అందరికీ అండి తగిలించేవారు. బస్సు డ్రైవరుకి, చాయ్ పోసే బెంగాలీకి, ఒక్కోసారి బంతికి కూడా. ఎత్తుగా లేచిన బంతి కిందికి వచ్చేటప్పుడు, "రండి రండి" అనడం నా చెవులతో విన్నాను. మేమిద్దరం ఒక ఈడువాళ్ళమే. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవారు. పెద్దరికం ఎవరికీ అక్కర్లేదు.

చేతులు మాత్రం జాగ్రత్త. గురువారం సాయంత్రం అరచేతులకు కొబ్బరినూనె రాసుకునేవారు. రూములో ఉల్లిపాయ తొక్క తీయరు, వెల్లుల్లి ఒలవరు, గ్యాస్ బండ ముట్టుకోరు. చాయ్ గ్లాసు కర్చీఫ్ చుట్టి పట్టుకుంటారు. ఫహాహీల్ మార్కెట్లో రెండు చేతులూ చంకల్లో దోపుకుని నడుస్తుంటే కొట్లవాళ్ళు చలికి అనుకునేవారు. బస్సులో కడ్డీ పట్టుకునేవారు కాదు, భుజం ఆనించి నిలబడేవారు. డ్రైవరు బ్రేకు వేస్తే ఎవరో ఒకరి మీద పడి, "ఏమీ అనుకోకండి, చేతులు డ్యూటీ మీదున్నాయండి" అని చెప్పేవారు. రూములోవాళ్ళు, "అన్నం మేమే కలిపి పెట్టాలా బావగారూ?" అని ఎగతాళి చేస్తే, "కలిపితే కాదంటానేంటండి" అని నోరు తెరిచేవారు.

పక్క మైదానంలో ఫిలిప్పీన్ వాళ్ళు వాళ్ళ ఆట ఆడుకునేవారు. వాళ్ళు ఒక చేతికి పెద్ద తోలు తొడుగు వేసుకుని బంతి పడతారు. ఒకసారి సరదాకి ఈయనకి తొడిగారు. ఇటూ అటూ తిప్పి చూసి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశారు. "బాగానే ఉందండి. కానీ బంతికీ మనకీ మధ్యలో ఇంకొకళ్ళు ఎందుకండీ?" అన్నారు నాతో.

ఫోటో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కప్పు గెలిచినప్పుడు అందరూ ఫోటోలు దిగారు. ఈయన ఎవరి బ్యాటో అరువడిగి, భుజాన పెట్టుకుని దిగారు.

"అదేందన్నా? నువ్వు పట్టేది బంతి కదా" అన్నాను.

"ఆ ఫోటో కూడా తీయించుకుని చూశానండి. రెండు చేతులూ ముందుకు చాపి నించుంటే, అచ్చం బస్టాండులో అడుక్కునేవాడిలా వచ్చానండి. ఇంటికెలా పంపుతానండి?"

అలా ఇంటి దగ్గర ఆయన బ్యాట్స్‌మన్ అయ్యారు.

మా కథ మొదలైంది ఒక శీతాకాలం పొద్దున. బంతి బాగా పైకి లేచింది. అది నా వైపే, అంటే ఆయన వైపే వస్తోంది. చూస్తే ఈయన వేరే దిక్కు చూస్తూ రెండు చేతులూ చాపి ఉన్నారు. చేలో వడిసెలతో రాళ్ళు విసిరిన దాన్ని కదా, పైకి పోయింది ఎక్కడ పడుతుందో చూడటం నాకు అలవాటు. ఆలోచించకుండానే, "యాడ సూస్తాండావన్నా? ఎనక్కి పో, ఎనక్కి" అని అరిచాను. ఆయన ఏమీ అడగకుండా వెనక్కి వచ్చి చేతులు పైకెత్తారు. బంతి వచ్చి వాటిలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన టోపీ తీసి మధ్యలో ఉన్నవాళ్ళకి కాకుండా, వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టారు.

ఆట అయ్యాక మా చాప దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"అక్కా, వచ్చే శుక్రవారం కూడా వస్తారాండి?"

"ఎందుకన్నా?"

"ఊరికేనండి. మీరిక్కడ కూర్చుంటే గాలి బావుంటుందండి."

రమణమ్మ మూతి తిప్పింది. "గాలి మాకూ తగుల్తాందిలే అన్నా. అసలు సంగతి చెప్పు."

అప్పుడు చెప్పారు. కళ్ళల్లో పొర కమ్మిందట. "బంతి పైకి వెళ్ళేటప్పుడు ఒకటేనండి. దిగేటప్పుడు మూడు వస్తున్నాయండి. మధ్యదాన్ని పట్టుకుంటున్నాను."

"మధ్యది కాకపోతే?"

"అప్పుడు పక్కదాన్ని పడతానండి. మూడోదాన్ని మాత్రం ఎప్పుడూ నమ్మలేదండి."

ఆపరేషన్ చేయించుకోరాదా అంటే, సీజన్ అయిపోనివ్వండి అన్నారు. కళ్ళ సంగతి కెప్టెన్‌కి తెలిస్తే ఆ రోజే ఖలాస్. కెప్టెన్ అంటే కంపెనీలో మేనేజరు, బొంబాయి మనిషి. అతని దగ్గర అప్పటికే ఇంకో కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. ఆ కుర్రాడు బంతి పట్టి, పల్టీ కొట్టి లేస్తాడు. ఆ పల్టీ అంటే ఈయనకి ఒళ్ళు మంట. "పట్టడం అయ్యాక ఇంకా దొర్లడం ఏంటండీ, నొప్పా?" అనేవారు. ప్రతి ఏడాదీ ఫైనల్ అయ్యాకే ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో చెప్తారు. ఫైనల్ దాకా నెట్టుకురావాలి. ఉద్యోగం పోతే ఊరికి పోవాలి. ఊళ్ళో దూరంగా నిలబడ్డందుకు ఎవరు డబ్బులిస్తారు?

అప్పటినుంచి నేను ఆయన కళ్ళు. ఆయన మైదానంలో ఎటు వైపు నిలబడితే నేను ఆ టైర్ల వెనక చాప వేసుకునేదాన్ని. అటు మారితే చాప, గిన్నె ఎత్తుకుని అటు మారేదాన్ని. "ముందుకన్నా", "ఎనక్కి", "నీ అన్నం చెయ్యి పక్కకి" అంతే. అంపైరు మలయాళీ, కెప్టెన్ బొంబాయి. ఆడవాళ్ళు అన్నం దగ్గర ఏదో అరుచుకుంటున్నారనుకున్నారు. ఆ సీజన్లో ఆయన ఒక్క బంతీ వదల్లేదు. కళ్ళు బాగున్నప్పుడు కూడా అంత బాగా పట్టలేదట. "వయసు పెరిగేకొద్దీ ముదురుతున్నాడు" అని కెప్టెన్ మెచ్చుకుంటుంటే, ఈయన కళ్ళు దించుకుని వినయంగా నిలబడేవారు. దించుకున్నా ఎత్తుకున్నా ఆయనకు ఒకటే.

మా మామాకు నా మీద అనుమానం వచ్చింది. "ప్రతి శుక్రవారం ఎవరి కోసం పోతున్నావు?" అని అడిగింది. బంతి కోసమని చెప్పాను. ఈ వయసులో నీకు బంతేమిటని నవ్వి, నవ్వినందుకు సెలవిచ్చింది.

ఈ విషయం నేను ఎవరికీ చెప్పలేదు. రమణమ్మ కూడా చెప్పలేదంట. చెల్లెలి మొగుడికి ఒక్కడికే చెప్పిందంట. అతను కూడా రూములో ఒక్కడికే చెప్పాడంట. ఇంత గుట్టుగా ఉంచబట్టే ఫైనల్ రోజుకి మా చాప చుట్టూ ఒక తిరునాళ్ళ చేరింది. కడపవాళ్ళు, రాయచోటివాళ్ళు, రాజోలువాళ్ళు, అమలాపురంవాళ్ళు. ఎప్పుడూ క్రికెట్ మొహం చూడనివాళ్ళు కూడా వచ్చారు. అందరూ నా వైపు చూసి, మాకు తెలుసులే అన్నట్టు తలలూపుతున్నారు.

"ఏందక్కా ఇది?" అంది రమణమ్మ, తనకేమీ తెలియనట్టు. "పెండ్లికి వచ్చినట్లు వచ్చినారు."

వాళ్ళ అడుగుల చప్పుడు విని ఆయన, "జనం బాగా వచ్చినట్టున్నారండి" అన్నారు మెల్లగా. సంతోషించారో భయపడ్డారో టోపీ నీడలో తెలియలేదు.

కంపెనీ ముదలాళి, అంటే ఆయనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, కప్పు ఇవ్వడానికి వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. ఆట చివరికి వచ్చింది. అవతలివాళ్ళలో ఒకడు బలంగా కొట్టాడు. బంతి లేచింది. లేచి, మా అందరి అదృష్టాన్నీ వెతుక్కుంటూ తిన్నగా ఆయన వైపే వచ్చింది.

నేను నోరు తెరిచాను. నా కంటే ముందు మైదానం నోరు తెరిచింది.

"ముందుకు రా బావా."

"ఎనక్కిరా సామీ, ఎనక్కి."

"కుడికండీ, కుడికి."

"వానికి చెప్పేది అట్లనా? ఎడమకు పో అన్నా."

"ఎవరి ఎడమ?"

"నిలబడు, ఊరికే నిలబడు, అదే వస్తాది."

"టోపీ తీసెయ్ ముందు."

అందరూ ఆయన మేలు కోరినవాళ్ళే. ఒక్కరు కూడా ఊరికే ఉండలేకపోయారు. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేశారు, వెనక్కి తీశారు, కుడికి తిరిగారు, ఎడమకు తిరిగారు. తరవాత చేతులు దించేశారు. బంతి ఇంకా పైన ఉండగానే దానికి వీపు పెట్టి మా వైపు తిరిగారు.

"ఒక్కళ్ళు చెప్పండి బాబూ" అన్నారు. "ఒక్కళ్ళు."

బంతి ఆయన వెనక ఇసుకలో పడి, టైరు తగిలి ఆగింది.

కెప్టెన్ పరిగెత్తుకొచ్చి ఆయన ముఖం ముందు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడిగాడు. ఈయన కాసేపు చూశారు. "మీరు ఎన్నంటే అన్నే సార్" అని హిందీలో చెప్పారు. అంత మర్యాదగా ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

గొడుగు కిందినుంచి కఫీల్ వచ్చాడు. ఏమిటి గొడవ అన్నాడు. చూపు లేదు బాబా, అని కెప్టెన్ చెప్పాడు. కఫీల్ ముఖం మారిపోయింది. ఆట పోయినందుకు కాదు. అతనికి ఆటలో ఎవరు గెలిచారో కూడా తెలియదు. ఇఖామాలో ఈయన పని ఎడారిలో, కబ్ద్‌లో కఫీల్ గొర్రెలకు కాపలా అని ఉంది. మిగతా రోజులన్నీ అక్కడే ఉంటున్నాడని ఇన్నేళ్ళూ ఆ పెద్దమనిషి నమ్మకం.

"కళ్ళు లేకుండా నా గొర్రెల్ని ఎట్లా చూస్తున్నాడు?" అన్నాడు. "బంతి పోతే ఇంకోటి కొంటాం. గొర్రె పోతే?"

మరుసటి వారమే ఆసుపత్రికి పంపి, తన డబ్బుతో రెండు కళ్ళూ చేయించాడు. చేయించి, కబ్ద్ పంపేశాడు. ఆటగాడికి అక్కర్లేని చూపు కాపలావాడికి కావలసి వచ్చింది. మైదానంలో ఆయన చోట పల్టీల కుర్రాడు నిలబడ్డాడు. నాకు శుక్రవారాలు ఖాళీ అయ్యాయి. నర్సమ్మ దగ్గరికి పోయి అ, ఆ దిద్దడం మొదలుపెట్టాను.

మళ్ళీ చలికాలం మా మామా వాళ్ళు కబ్ద్‌లో చుట్టాల తోటకి పోతూ వంటకు నన్ను తీసుకుపోయారు. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బయటికి వచ్చాను. కంచె అవతల ఎడారిలో గొర్రెలు మేస్తున్నాయి. వాటికి బాగా దూరంగా, అన్నిటికంటే చివర, ఒక మనిషి మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడి ఉన్నాడు. ముఖం చూడనక్కర్లేదు.

"ఇక్కడ కూడా దూరమేనా అన్నా?" అని అరిచాను.

పరిగెత్తుకుంటూ వచ్చారు. కంచె దగ్గర ఆగి నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీరు ఇలా ఉంటారని అనుకోలేదండి" అన్నారు.

"ఎట్లుంటాననుకున్నావు?"

"గొంతుని బట్టి ఇంకా లావుగా ఉంటారనుకున్నానండి."

కళ్ళెలా ఉన్నాయంటే, శుభ్రంగా ఉన్నాయన్నారు. మరి మళ్ళీ ఆటకి పిలవమని కెప్టెన్ని అడగలేకపోయావా అన్నాను. ఆయన కాలితో ఇసుక గీకారు.

"అడిగానండి. పరీక్ష పెట్టారండి. పైకి కొట్టారు. చూస్తున్నాను. ఒకటే బంతండి, ఎర్రగా, గట్టిగా. వస్తావుంది, వస్తావుంది, పెద్దదవుతావుంది. ఇన్నేళ్ళూ ఇదా నా మొహం మీదకి వచ్చింది అనిపించిందండి. పక్కకి తప్పుకున్నాను."

"అయ్యో."

"కనపడనంతకాలం భయం తెలీలేదండి" అన్నారు. గొర్రెల వైపు ఒకసారి చూసి, "ఆ కుర్రాడు బానే పడుతున్నాడంటండి. కానీ మరీ దగ్గరగా నించుంటాడంట" అన్నారు.

నా కొంగులో మామా పిల్లలు వదిలేసిన కమలాపండు ఉంది. తినమని ఇవ్వబోయాను. తీసుకోలేదు. వెనక్కి వెనక్కి నడిచి దూరంగా పోయి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"ఇప్పుడు వెయ్యండక్కా. మీరొక్కళ్ళే చెప్పండి."

వడిసెల చెయ్యి ఇంకా మొద్దుబారలేదు. గట్టిగా పైకి విసిరాను. "ముందుకన్నా. ఇంకా. చాలు. ఎనక్కి, కొంచెమే ఎనక్కి." ఆయన చేతులు పైకి లేచాయి. "రండి రండి" అంటున్నారు. పండు వచ్చి చేతుల్లో కూర్చుంది. గొర్రెలు తలెత్తి చూసి, మళ్ళీ మేతకు దిగాయి.

కంచె దగ్గరికి వచ్చి నిలబడి, ఆ పండు తొక్క తనే తీశారు. గోళ్ళు గుచ్చి, పీచు కూడా లేకుండా, మెల్లగా తీశారు. ఆ చేతులు ఏదైనా ఒలవడం నేను చూడటం అదే మొదలు. సగం నాకిచ్చారు. అప్పుడే నేను అక్షరాలు నేర్చుకుంటున్నానని చెప్పింది, ఆయన మాట తీసుకున్నదీ. తరవాత ఆయన ఊరికి వెళ్ళిపోయారని విన్నాను. మళ్ళీ చూడలేదు.

మొన్న గ్రూపులో ఆ మాట చదివాక ఊరుకోలేకపోయాను. ఒక్కో అక్షరం వెతికి నొక్కి, "ఆయన బ్యాటు కొట్టేవారు కాదు, బంతి పట్టేవారు" అని రాశాను. పదిమందిలో నేను రాసిన మొదటి వాక్యం అది. వెంటనే ఎవరో జవాబిచ్చారు: "నిజం అక్కా, గొప్ప బౌలర్ కూడా." దాని కింద అందరూ దండాలు పెట్టారు. ఫోన్ పక్కన పెట్టేశాను.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే మామాకు చెప్పి, చాప తీసుకోకుండా బస్సెక్కి మైదానానికి పోయాను. ఆట మొదలుపెట్టే ముందు ఆయన కోసం మౌనం పాటిస్తున్నారు. అందరూ నడిమధ్య చాప దగ్గర గుండ్రంగా నిలబడ్డారు. ఆయన అక్కడికి పోయిందే తక్కువ. నేను టైర్లు దాటి లోపలికి అడుగుపెట్టి, ఆయన నిలబడే చోట నిలబడ్డాను. మౌనం అయిపోయింది. అందరూ ఎవరి చోటికి వాళ్ళు చెదిరారు. నేను కదల్లేదు. పల్టీల కుర్రాడు నా దగ్గరికి వచ్చి పక్కన నిలబడ్డాడు. అంపైరు చెయ్యి ఊపుతున్నాడు.

టైర్ల అవతలినుంచి మన తెలుగు మనిషే ఎవరో, ముఖం తెలియదు, కేకేశాడు. "ఎనక్కక్కా. ఎనక్కి."

ఒక్కడే అరిచాడు. నేను తిరిగి చూడకుండా, ఆ గొంతు చెప్పినంత దూరం వెనక్కి నడిచాను.